చరిత్ర మేజర్‌కి ముందు ఒక ఏడాది

రెండేళ్ల కిందట బీఏ పిల్లల్ని శ్రీముఖలింగం తీసుకెళ్లాను. మధుకేశ్వరాలయంలో రాతి మీద చెక్కిన అక్షరాలు చూపించి, ఎవరైనా ఒక్క అక్షరం పోల్చండి చూద్దాం అన్నాను. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు. జలుమూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం రాయికి దగ్గరగా వెళ్లి, గాలిలో వేలితో దిద్దుకుంటూ చాలాసేపు నిలబడింది. "ఇది 'న' నాగుంది సార్. ఇది తెలుగేనా ఏటి?" అని అడిగింది. ఏటా శివరాత్రికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అదే గోడ పక్కనుంచి నడిచిన పిల్ల.

ఆ అమ్మాయి అప్పటికి మూడో సెమిస్టర్, హిస్టరీ మేజర్. తూర్పు గాంగుల మీద ప్రశ్న వస్తే, వాళ్ల రాజధాని కళింగనగరమే నేటి ముఖలింగం అని రాసి మార్కులు తెచ్చుకుంది. ఆ సంగతి ఎలా తేలింది, ఎవరు దేన్ని చదివి తేల్చారు అన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ 'ఎవరూ'లో నేనూ ఉన్నాను. సిలబస్ ముగించే తొందరలో ఆ ప్రశ్న క్లాసులోకి రానే రాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చరిత్ర చదవడానికి వచ్చే పిల్లలకు డిగ్రీ మొదలయ్యే ముందు ఒక పూర్తి ఏడాది సన్నాహక చదువు కావాలని నేను గట్టిగా నమ్మడం మొదలైంది ఆ రోజే. ఫౌండేషన్ ఇయర్ అనండి, మరో పేరు పెట్టండి.

మా దగ్గరకు ఎవరొస్తారో ముందు చెప్పాలి. పదో తరగతిలో సాంఘికశాస్త్రంలో ఒక ముక్కగా చరిత్ర చదివి, ఇంటర్లో ఎంపీసీకో బైపీసీకో పోయి, అక్కడ మార్కులు రాక, ఇంజినీరింగ్ సీటు డబ్బులు కుదరక బీఏలో చేరేవాళ్లు సగానికి తక్కువ ఉండరు. హెచ్‌ఈసీ చదివొచ్చే పిల్లలు ఏటికేడాది తగ్గుతున్నారు. వచ్చినవాళ్లు కూడా ఇంపార్టెంట్ క్వశ్చన్లు, బిట్లు చదివి వచ్చినవాళ్లే. చరిత్ర ఎందుకు తీసుకున్నావమ్మా అంటే గ్రూప్స్ కోసమనో, బీఈడీ చేసి డీఎస్సీ రాయడానికనో అంటారు. దాన్ని నేను తప్పు పట్టను. ఉద్దానంలోనో, సీతంపేట వైపు కొండల్లోనో ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చే పిల్ల ఉద్యోగం గురించి ఆలోచించకుండా ఎలా ఉంటుంది? కానీ గ్రూప్స్ పరీక్షకు కూడా చరిత్ర అంటే సంవత్సరాల పట్టీ అనుకుని వెళ్లినవాళ్లు మెయిన్స్‌లో పేజీ నిండా రాయలేక ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

దీని మీద రెండు మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అన్నారు. 2023-24లో పాత మూడు సబ్జెక్టుల బీఏ తీసేసి సింగిల్ మేజర్ తెచ్చారు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి చదివే రోజుల్లో చరిత్రలో లోతు లేకపోయినా దొర్లిపోయేది. ఇప్పుడు చరిత్రే ప్రధానం, అదీ ఇంగ్లిష్‌లో. మొదటి సెమిస్టర్లో సామాజిక శాస్త్రాల మౌలికాంశాల మీద రెండు కామన్ పేపర్లు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ సెమిస్టర్ అంటే సెలవులు, పరీక్షలు, స్క్రూటినీలు పోగా చేతికి మిగిలేది మూడు నెలలు. ఆ మూడు నెలల్లో తెలుగు మీడియం పిల్ల ఇంగ్లిష్ పేరా చదవడం నేర్చుకోవాలా, ఆధారం అంటే ఏమిటో తెలుసుకోవాలా, సొంతంగా ఒక పేజీ రాయడం నేర్చుకోవాలా?

ఇంగ్లండ్‌లో ఈ సమస్యకు ఒక జవాబు ఉంది. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో మూడేళ్ల హిస్టరీ డిగ్రీకి ముందు ఒక ఏడాది కలిపి నాలుగేళ్ల కోర్సుగా ఇస్తారు. కావలసిన గ్రేడ్లు రాని వాళ్లు, స్కూల్లో వేరే సబ్జెక్టులు చదివినవాళ్లు, చదువు మానేసి చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లు అందులో చేరతారు. ఆ ఏడాదిలో రాజుల వరస చెప్పడం కంటే చదవడం, నోట్సు రాసుకోవడం, ఒక మూలపత్రాన్ని ప్రశ్నించడం, వ్యాసం కట్టడం మీద దృష్టి ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో లేడీ మార్గరెట్ హాల్ అనే కాలేజీ 2016లో ఇలాంటి ఏడాదిని ప్రయోగంగా మొదలుపెట్టింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ అంతకుముందే చేస్తున్న పనిని చూసి చేసిందది. కేంబ్రిడ్జ్ 2022 అక్టోబరులో ఆర్ట్స్, హ్యుమానిటీస్, సామాజిక శాస్త్రాలకు ఫౌండేషన్ ఇయర్ పెట్టింది. ఏడాదికి యాభై మంది వరకు తీసుకుంటారు. ఫీజు లేదు, ఉండడానికి, తినడానికి అయ్యే ఖర్చు కూడా దాతల డబ్బుతో విశ్వవిద్యాలయమే చూసుకుంటుంది. కుటుంబ పరిస్థితుల వల్లో, స్కూలు సరిగా లేకో వెనకబడిన పిల్లలకే ఆ సీట్లు. పూర్తి చేసినవాళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు, ఫలితం బాగుంటే అక్కడే డిగ్రీలోకి వెళ్తారు.

కేంబ్రిడ్జ్ లాంటి చోటు, తన గేటు లోపలికి రాలేకపోయిన పిల్లల తెలివిలో లోపం లేదని, వాళ్లకు దొరికిన బడిలో లోపం ఉందని ఒప్పుకుని, దాతల డబ్బు తెచ్చి ఆ ఏడాది పెట్టింది. మన దగ్గర ఆ ఒప్పుకోలు ఇంకా రాలేదు.

అయితే ఇంగ్లండ్ పద్ధతిని యథాతథంగా మోసుకొచ్చి పెట్టమని నేను అనను. అక్కడ దీనికో చెడ్డ ముఖం కూడా ఉంది. మామూలు విశ్వవిద్యాలయాల్లో ఆ అదనపు ఏడాదికి కూడా డిగ్రీ ఏడాదితో సమానంగా 9,250 పౌండ్ల వరకు ఫీజు వసూలు చేశారు. పిల్లలు అప్పు చేసి కట్టారు. 2019లో అక్కడి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన ఆగర్ కమిటీ, ఈ ఏడాదికి రుణాలు ఇవ్వడమే ఆపేయాలని సిఫారసు చేసింది. చివరికి ప్రభుత్వం 2025-26 నుంచి చరిత్ర లాంటి తరగతి గది సబ్జెక్టుల ఫౌండేషన్ ఇయర్‌కి గరిష్ఠ ఫీజును 5,760 పౌండ్లకు దించింది. అంటే సన్నాహక సంవత్సరం పిల్లలకు నిచ్చెన కావచ్చు, కాలేజీకి ఆదాయ మార్గమూ కావచ్చు. ఏది అవుతుందన్నది డబ్బు ఎవరు కడతారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. మన రాష్ట్రంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఎలా నడుస్తున్నాయో తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే నేను అడిగేది ప్రభుత్వ కాలేజీల్లో, విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో, ఫీజు లేని ఏడాది.

ఇది మన దేశానికి కొత్త కూడా కాదు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ప్రిపరేటరీ కోర్సు ఏనాటి నుంచో ఉంది. కటాఫ్‌కి కొంచెం కిందపడిన పిల్లల్ని ఏడాదిపాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలో తయారుచేసి, మళ్లీ ప్రవేశ పరీక్ష రాయించకుండా మరుసటి ఏడాది బీటెక్‌లో చేర్చుకుంటారు. మా ముందు తరం వాళ్లను కదిపితే పీయూసీ రోజులు చెబుతారు. డిగ్రీకి ముందు ఆ ఒక్క ఏడాదిలోనే ఇంగ్లిష్‌లో లెక్చరు వినడం, నోట్సు రాసుకోవడం అలవాటైందని అంటారు. ఇంజినీరుకి పునాది కావాలని ఒప్పుకున్న దేశం చరిత్ర విద్యార్థికి అక్కర్లేదనుకోవడానికి కారణం ఒక్కటే. చరిత్రను ఎవరైనా చదవొచ్చని, కథే కదా అని ఒక నమ్మకం. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆ నమ్మకమే.

కథ కాదనడానికి ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకం 1078లో అని మన పుస్తకాల్లో ఉంటుంది. ఆ అంకె ఎక్కడిది? ఆయన రాగిశాసనంలో 'శకాబ్దే నంద రంధ్ర గ్రహ గణ గణితే' అని ఉంది. నందులు తొమ్మిది మంది, శరీరానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. శక సంవత్సరం 999. ఇంగ్లిష్ సంవత్సరం కోసం దానికి 78 కలిపితే 1077 వస్తుంది. మరి పుస్తకంలో 1078 ఎందుకుంది? శాసనం అక్కడితో ఆగలేదు, సూర్యుడు కుంభరాశిలో ఉన్నాడని కూడా చెప్పింది. చైత్రంలో మొదలైన శక సంవత్సరం కుంభమాసం వచ్చేసరికి ఇంగ్లిష్ క్యాలెండర్లో జనవరి దాటిపోతుంది. కాబట్టి 1078 ఫిబ్రవరి. తిథి, వారం, నక్షత్రం కూడా పట్టి చూసి 17వ తేదీ అని తేల్చారు.

ఈ లెక్కను క్లాసులో పెట్టినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. నవగ్రహాలు ఎన్ని అని పల్లెటూరి పిల్లని అడగక్కర్లేదు, నవనందులు కూడా కథల్లో విన్నవాళ్లే. వాళ్లకు తెలిసినదాంతోనే ఒక రాజు కాలం తేలుతుంది. అక్కడి నుంచి అంక సంవత్సరాలకు తీసుకెళ్లొచ్చు. గాంగుల తరువాతి కాలపు శాసనాల్లో రాజు ఏలుబడిని లెక్కపెట్టే పద్ధతి వేరు. ఒకటి ఉండదు, రెండుతో మొదలు. ఆరుతో ముగిసే అంకెలు వదిలేస్తారు. సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు, పది తప్ప. అలాగైతే ఇరవై అయిదో అంకం అంటే నిజానికి ఎన్నో ఏడు? 1, 6, 16, 20 తీసేస్తే ఇరవై ఒకటి. ఇది తెలియకుండా శాసనం చదివినవాడు నాలుగేళ్లు తప్పుతాడు. డిగ్రీ సిలబస్‌లో దీనికి అర పీరియడ్ కూడా దొరకదు. ఫౌండేషన్ ఇయర్‌లో రెండు వారాలు దీని మీదే కూర్చోవచ్చు.

విజయనగరం వాళ్లకైతే బొబ్బిలి యుద్ధం చాలు. 1757 జనవరి 24. ఆ తేదీ అందరికీ నోటికి వచ్చు, పాపారాయుడు అందరికీ తెలుసు. కానీ ఆ రోజు కోటలో ఏం జరిగిందో మనకు ఎవరు చెప్పారు? ఒక పక్క ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఆర్మ్ వర్ణన ఉంది. ఆయన ఆ కోట ముందు నిలబడి చూసినవాడు కాదు, వచ్చిన కబుర్లు కూర్చి రాశాడు. మరో పక్క మన గాయకులు తరాల తరబడి పాడుకొచ్చిన కథ ఉంది. రెండిట్లో కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. బొబ్బిలి పిల్లలు, విజయనగరం పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్న క్లాసులో ఈ చర్చ పెడితే మొదట గొంతులు లేస్తాయి. లేవనివ్వాలి. ఆ తర్వాత ఎవరి మాటను ఎంతవరకు నమ్మాలి, ఎందుకు నమ్మాలి అని అడిగితే వాళ్లే ఆగి ఆలోచిస్తారు. ఒక మూలాన్ని పక్కన పడేయకుండా తూచడం నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. రెండూ తమ ఊరి మాటలే కనుక పిల్లలు దాన్ని సిలబస్ అనుకోరు.

ఇళ్లలో ఉన్న కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1802లో పర్మనెంట్ సెటిల్‌మెంట్ అమలుతో జమీందార్లు భూమి మీద కూర్చున్నారు, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. ఆ రెండు తేదీల మధ్య మన జిల్లాల రైతు బతుకు అంతా ఉంది. ఆ కాలపు శిస్తు రసీదులు, పట్టాలు చాలా ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఇప్పటికీ ఉన్నాయి. మందస జమీందారీ మీద తిరగబడి 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో ప్రాణం వదిలిన గున్నమ్మ పేరు ఉద్దానంలో ప్రతి పిల్లకీ తెలుసు. ఆమె పోరాడింది ఏ శిస్తు మీద, ఏ హక్కు కోసం అంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ. శ్రీకాకుళం గిరిజన పోరాటంలో 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆనాటి సంగతులు కళ్లతో చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల మాట రికార్డు చేయడం ఒక విద్య. ప్రశ్న ఎలా అడగాలి, ఎక్కడ ఊరుకోవాలి, సవర మాట్లాడే ముసలమ్మ చెప్పినదాన్ని తెలుగులో ఎలా రాయాలి అన్నది ఎవరో నేర్పాలి. సీతంపేట నుంచి వచ్చే పిల్లకు ఆ పనిలో నాకంటే ఎక్కువ అర్హత ఉంది. ఆమెకు సవర వచ్చు, నాకు రాదు. మన కాలేజీలో మాత్రం ఆమెను ఇంగ్లిష్ రాని పిల్లగానే లెక్కగడతారు.

ఈ మాట రాస్తుంటే గిడుగు గుర్తొస్తారు. రామమూర్తి పంతులు పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుని దండ వేసి వస్తాం గానీ, ఆయన మొదటి ఉద్యోగం చరిత్ర పాఠం చెప్పడమన్నది చాలామంది ఎరగరు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో, నెలకు ముప్పై రూపాయల జీతానికి. ముఖలింగం గుళ్లలోని శాసనాల లిపిని ఆయన తనంతట తానే కష్టపడి నేర్చుకుని చదివారు. గాంగుల కళింగనగరం ఇదేనని వాటి ఆధారంతోనే వాదించారు. బీఏని ప్రైవేటుగా, చరిత్ర ప్రధానంగా చదివింది ఆ తర్వాతే. సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పించారు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. విజయనగరంలో గురజాడ కూడా సంస్థానానికి శాసన పరిశోధకుడిగా పనిచేశారు. భాషను మార్చిన ఈ ఇద్దరూ రాళ్ల మీద అక్షరాలు చదివినవాళ్లే.

గిడుగు ఒక్కరే, గురువు లేకుండా, ఏళ్ల తరబడి చేసిన పని అది. అందరూ గిడుగులు కావాలని అనడం పిల్లల మీద అన్యాయం. ఆయన ఒంటరిగా పడిన పాటును ఒక ఏడాది క్లాసుగా మార్చి పిల్లల చేతిలో పెట్టమంటున్నాను. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ముఖలింగం, శ్రీకూర్మం, శాలిహుండం, దంతవరపుకోట అన్నీ అక్కడి నుంచి పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలోనే ఉన్నాయి. విజయనగరం పక్కన రామతీర్థం కొండలున్నాయి. ముఖలింగం శాసనాల పాఠాలు 1925లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో ఉన్నాయి, ఎవరైనా తెరిచి గోడతో పోల్చుకోవచ్చు. ఇన్ని ఉండగా ప్రయోగశాల కట్టడానికి కోట్లు అడగక్కర్లేదు. కావలసింది ఒక బస్సు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు. పాత లిపి వచ్చినవాళ్లు ఇప్పటికే తక్కువ, ఉన్నవాళ్లు ఉండగానే మొదలుపెట్టాలి. చాలా గుళ్లలో శాసనాల మీద సున్నాలు, రంగులు పడుతున్నాయి, అది మరో తొందర.

ఇంగ్లిష్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఆ ఏడాదిలో పాఠం తెలుగులోనే జరగాలి. ఇంగ్లిష్‌ని మాత్రం రోజూ చదివించాలి, రోజుకొక పేరా, నిఘంటువు పక్కన పెట్టుకుని. పాత జిల్లా గెజిటీర్లు, మాన్యువళ్లు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, అవి చదవకుండా ఈ ప్రాంతం చరిత్ర రాయలేం. కానీ ఆలోచించడం నేర్చుకునే తొలి ఏడాదిలో పిల్లను భాష దగ్గరే ఆపేస్తే ఆలోచన అసలు మొదలే కాదు.

అసలు చిక్కు ఇంటి దగ్గర ఉంది. ఏడాది పెరగడం అంటే మాకు క్యాలెండర్‌లో ఒక గీత. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కట్టుబడి పనికి వెళ్లి డబ్బు పంపే తండ్రికి అది ఇంకో పన్నెండు నెలల కూలి. ఆడపిల్ల అయితే పెళ్లి మాట. అందువల్ల ఫీజు రద్దు ఒక్కటే సరిపోదు, హాస్టలు ఉండాలి, నెలనెలా స్టైపెండ్ చేతికి రావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్కలో ఈ ఏడాదిని కూడా చేర్చాలి, లేకపోతే చివరి ఏడాదికి డబ్బు రాదు. అడ్మిషన్ అందరికీ తెరిచి ఉండాలి తప్ప, మార్కులు తక్కువ వచ్చినవాళ్లను విడిగా కూర్చోబెట్టే సెక్షన్ కాకూడదు. అలా చేస్తే ఊళ్లో దానికి ఒక పేరు పడుతుంది, ఆ పేరుతో పిల్లలు రారు. బలవంతం కూడా వద్దు. హెచ్‌ఈసీ బాగా చదివొచ్చిన పిల్ల నేరుగా మేజర్‌లో చేరతానంటే చేరనివ్వాలి.

ఈ ఆలోచనను జలుమూరు అమ్మాయి తండ్రికి ఒకసారి చెప్పాను. సంక్రాంతికి పనుల నుంచి ఊరొచ్చి, కూతుర్ని దింపడానికి కాలేజీకి వచ్చినప్పుడు. చెట్టు కింద నిలబడి అంతా విన్నాడు. రాళ్లు, శాసనాలు, గిడుగు, అన్నీ చెప్పాను. కాసేపు ఆగి, "మరి ఆ ఏడుకి కాగితం ఇత్తారా మాస్టారూ? మజ్జిలో మానిపిత్తే సేతిలో ఏటుంటది?" అని అడిగాడు.

నా పథకంలో అప్పటిదాకా ఆ సంగతి లేదు. కేంబ్రిడ్జ్ ఇస్తున్నది సరిగ్గా అదే, డిగ్రీకి వెళ్లినా వెళ్లకపోయినా ఆ ఏడాదికి విలువున్న ఒక సర్టిఫికెట్. మన దగ్గర కూడా ఇవ్వాలి. శాసన పాఠాలు, పాత రికార్డులు చదవడం, మౌఖిక చరిత్ర సేకరణ నేర్చిన పిల్ల అని అందులో రాయాలి. మ్యూజియంలో, ఆలయాల రికార్డుల పనిలో, పర్యాటక శాఖ గైడు ఉద్యోగంలో ఆ కాగితానికి మార్కులు ఉండాలి. ఇది విశ్వవిద్యాలయం ఒక్కటీ చేయగలిగేది కాదు, ఉన్నత విద్యామండలి ఉత్తర్వు కావాలి. ఆ తండ్రికి నేను ఆ రోజు 'ఇస్తారు' అని చెప్పలేకపోయాను.